పచ్చ అంగీ, ఐదు ఇళ్ళు

మా అక్క ఎవరితోనో రాయించిన కార్డులో మూడే ముక్కలు ఉన్నాయి. మీ బావ మిర్యాలగూడ నుంచి ఇంకా రాలేదు. పీర్ల పండుగ వచ్చింది. పిల్ల వెంట నడవడానికి ఇంట్లో మగమనిషి లేడు, నువ్వు రావాలె.

ఆ కార్డు కోదాడలో నా చేతికందింది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. పగలు షావుకార్ల పిల్లలకు లెక్కలూ ఉర్దూ చెప్పేవాణ్ణి. సాయంత్రాలు గ్రంథాలయం అరుగు మీద వాదించేవాణ్ణి. ముహూర్తాలు, శకునాలు, తాయెత్తులు, మొక్కులు, ఏవీ నా నోటి నుంచి తప్పించుకోలేదు. ఎదుటివాడు ఎదురు చెబితే ఊరుకునేవాణ్ణి కాదు, ఒప్పుకున్నా ఊరుకునేవాణ్ణి కాదు. అలాంటివాణ్ణి మా అక్క మొక్కు తీర్చడానికి రమ్మంది. చదవగానే కోపం వచ్చింది. రెండోసారి చదివితే భయం వేసింది.

ఆ భయం అర్థం కావాలంటే ముందు మొక్కు సంగతి చెప్పాలి. అక్కకు మొదటి ఇద్దరు పిల్లలు పుట్టి నెలైనా నిండకుండా పోయారు. మూడోది ఆడపిల్ల. అది పుట్టిన పదకొండో రోజున, సూర్యాపేటలో ఇంటింటికీ తిరిగి గాజులు తొడిగే ముసలామె వచ్చి, పీర్ల దగ్గర నుంచి తెచ్చిన నాడ దారం ఒకటి దాని మెడలో కట్టింది. వాడకంతా ఆమె గాజులవ్వ. ముసల్మాను. పిల్ల దక్కితే ఐదేళ్ళు పీర్ల పండుగకు ఫకీరును చేస్తామని మొక్కుకొమ్మని చెప్పింది. నిడమనూరు నుంచి వచ్చి ఉన్న అక్క అత్తగారు అక్కడికక్కడే మొక్కుకుంది. పిల్ల దక్కింది. దక్కడానికి కారణం మూడో కాన్పుకు బావ దవాఖాన నర్సును పిలిపించడం అని నేను ఎన్నోసార్లు చెప్పాను. అక్క వినేది, తల ఊపేది, ఆ ఏడు పండుగకు మళ్ళీ పచ్చ అంగీ కుట్టేది.

మా ప్రాంతంలో ఇది వింతేమీ కాదు. పీర్లు లేచిన పది రోజుల్లో పచ్చ అంగీ తొడుక్కుని, జోలె భుజాన వేసుకుని, నుదుట ఊదు బూడిద పెట్టుకుని తిరిగే పిల్లల్లో సగం మంది మాలాంటి హిందువుల ఇళ్ళవాళ్ళే. తొమ్మిదో రోజున ఐదు ఇళ్ళు అడుక్కోవాలి. మొదటి ఏడు ఏ ఐదు ఇళ్ళో చివరి దాకా అవే. పదో రోజున పీర్ల ముందు అంగీ విప్పితే ఆ ఏటి మొక్కు తీరినట్టు. నాలుగేళ్ళు సాఫీగా గడిచాయి. ఇది ఐదోది, ఆఖరుది. పిల్లకు ఆరో ఏడు నడుస్తోంది.

వచ్చిన చిక్కు ఆ ఏడాదిది. నలభై ఎనిమిది. పోలీసు చర్య జరిగి ఇంకా రెండు నెలలు నిండలేదు. అంతకు ముందు ఏడాది పాటు కత్తులు పట్టుకుని ఊళ్ళ మీద పడిన దండు ఇప్పుడు లేదు. దాని పేరు చెప్పి మిగిలిన అమాయక ముసల్మానుల మీద కోపం తీర్చుకునేవాళ్ళు ఉన్నారు. అలాంటివాళ్ళకు పచ్చరంగు ఒక సాకు. ఇంకోవైపు మిలటరీ సంఘపోళ్ళ కోసం, అంటే కమ్యూనిస్టుల కోసం వెతుకుతోంది. వాళ్ళకు ఇరవై ఏళ్ళు దాటిన ప్రతి మగపిల్లవాడూ సంఘపోడే. అంటే, పచ్చ అంగీ తొడుక్కున్న పిల్ల మొదటివాళ్ళ కంట పడకూడదు. దాని వెంట నడిచే నేను రెండోవాళ్ళ కంట పడకూడదు. మా ఇద్దరిలో ఎవరు ఎవరికి కాపలానో నాకు బస్సెక్కేటప్పటికి కూడా తెలియలేదు.

నెత్తిన ఖద్దరు టోపీ పెట్టుకున్నాను. అంతకు నాలుగు నెలల ముందు అదే టోపీ పెట్టుకున్నందుకు ఆ దండు చేతిలో మా స్నేహితుడికి చెయ్యి విరిగింది. ఇప్పుడు అది లేకపోతే అనుమానిస్తున్నారు. బస్సులో చూస్తే అందరి నెత్తిన అదే టోపీ, మడతలు ఇంకా పోనివి. సంచిలో ఒక జత బట్టలూ, నేను కొత్తగా రాసిన వ్యాసమూ ఉన్నాయి. వ్యాసం మొక్కుబడుల మీద. అక్కకు చదివి వినిపిస్తే మనసు మార్చుకుంటుందని తెచ్చాను. ఆ వయసులో నాకు కాగితం మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద లేదు.

అక్క ఇంటికి చేరేసరికి అంగీ కుట్టడం అయిపోయింది. పాత చీర చింపి రంగద్దింది. రంగు ఇంకా వేళ్ళకు అంటుకునే ఉంది.

"నువ్వు చెప్పేది నాకు తెలుసు తమ్మీ," అంది నేను నోరు తెరవక ముందే. "కాళ్ళు కడుక్కో. తిన్నంక చెప్పు."

తిన్నాక చెప్పాను. ఈ ఏడు వద్దన్నాను. వచ్చే ఏడు చూద్దామన్నాను. దేవుడంటూ ఉంటే పరిస్థితి అర్థం చేసుకోలేడా అని కూడా అన్నాను. నేను లేడని వాదించేవాణ్ణి, ఆమె కోసం ఒక్క నిమిషం ఉన్నాడని ఒప్పుకున్నాను.

"ఇద్దరిని మట్టిల పెట్టిన. నువ్వు చూడలే, నువ్వప్పుడు బళ్ళె ఉన్నవ్," అంది అక్క. "నాలుగేండ్లు చేసి ఐదో ఏడు ఇడిస్తే, రేపు దీనికి జరమొస్తే నేనేమనుకోవాలె? నువ్వొచ్చి వ్యాసం చదువుతవా?"

"బయట మిలటరీ ఉన్నది అక్కా."

"అందుకే నిన్ను పిలిచిన. లేకుంటే నేనే పోయేదాన్ని. ఆడదాన్ని, ఇంట్ల మొగుడు లేడు. బజార్ల నిలబెట్టి అడిగితే ఏం చెప్పాలె?"

పిల్ల గోడకు ఆనుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. "మామకు భయమైతుందే అమ్మా," అంది. "వద్దుతియ్, నేనొక్కదాన్నే పోత."

ఆ మాటతో నా వాదం ముగిసింది.

ఇక పిల్లను ఎలా కాపాడుకోవాలన్నది మిగిలింది. నేను ఒక కాగితం తీసి నియమాలు రాశాను. చెయ్యి వదలకూడదు. ఎవరడిగినా పేరు, తండ్రి పేరు, వాడ పేరు చెప్పాలి. ఎవరేమిచ్చినా దారిలో తినకూడదు. ఎండ తగ్గకముందే ఇంటికి రావాలి. అక్క విని నవ్వింది. ఫకీరుకు వేరే నియమాలున్నాయట. ఫకీరు చెయ్యి ఎవరూ పట్టుకోరు, వాడు ముందు నడుస్తాడు, తక్కినవాళ్ళు వెనక రావాలి. ఫకీరు బయలుదేరాక ఎక్కడా ఆగడు, వెనక్కి తిరిగి చూడడు. దారిలో ఫకీరును పేరు పెట్టి పిలవకూడదు, పిలిస్తే మొక్కు చెడుతుంది. కాళ్ళకు చెప్పులు వద్దు, భిక్ష దారిలో తినకూడదు. నేను రాసిన వాటిలో తినకూడదన్నది ఒక్కటే ఆమె నియమాలతో కలిసింది.

పిల్లలను ఆపద నుంచి కాపాడడానికి ఏయే పనులు చేస్తామో వాటన్నిటినీ ఈ మొక్కు ఎందుకు వద్దంటుందో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు. తల్లి భయంలో నుంచి పుట్టిన ఆచారం తల్లికి మరింత భయం కలిగించేటట్టు ఎందుకుండాలి? ఎవరు పెట్టారు? నేను అడిగాను. "పెద్దోళ్ళు," అంది అక్క. పేరు పిలవనని నా చేత చేతిలో చెయ్యి వేయించుకుంది. నేను వేశాను. ఎందుకు వేశానో తెలియదు. బహుశా తెల్లారేసరికి మరచిపోతుందనుకున్నాను.

మరునాడు పొద్దున బయలుదేరాం. అంగీ కనబడకుండా నా ఖద్దరు తువ్వాలు పిల్ల భుజాల చుట్టూ కప్పి ముడి వేశాను. ఇంటి ముందుకు రాగానే తియ్యాలి, అడుక్కున్నాక మళ్ళీ కప్పాలి. అది నా ఏర్పాటు. పిల్లకు నచ్చలేదు. "ఫకీరుకు తువాల ఉండదు మామా," అని దారంతా గొణిగింది.

మొదటి రెండు ఇళ్ళు మా వాడలోవే, సాలె వాళ్ళవి. జొన్నలు పోశారు, బెల్లం ముక్క పెట్టారు. రెండో ఇంటి ఆయన నన్ను చూసి, "ఏం పటేలా, కోదాడల దేవుడు లేడంటవంట, సూర్యాపేటల ఉన్నడా?" అన్నాడు. అప్పటిదాకా నా మాటలు అంత దూరం పాకాయని నాకు తెలియదు. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక నవ్వి ఊరుకున్నాను.

మూడో ఇల్లు మిషను బడిలో చదువు చెప్పే పంతులమ్మది. కృష్ణకు అవతలి నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. పిల్ల జోలె చాచగానే ఆమె దోసెడు బియ్యం తెచ్చింది.

"ప్రతి ఏడూ ఇస్తున్నాను, ప్రతి ఏడూ మా పాస్టరు గారు మందలిస్తున్నారు," అంది. "పసిపిల్ల ఆకలని వస్తే ఎవరి పేరు మీద వచ్చావని అడుగుతామా అంటాను నేను."

"మా పిల్లకు ఆకలి కాదండీ, మొక్కు," అన్నాను. ఏ విషయంలోనూ పొరపాటు అభిప్రాయం మిగలనివ్వని అలవాటు నాది.

"నాకు తెలుసులే బాబూ. నువ్వు మాత్రం జాగ్రత్త. చౌరస్తాలో గుడారం వేశారు. కుర్రాళ్ళను ఆపుతున్నారు. పిల్లను నా దగ్గర వదిలి నువ్వు ఇంటికెళ్ళు, నేను తిప్పుకొస్తాను."

మంచి మాట. ఆ మాట వినవలసింది. కాని నా మేనకోడలిని ఆడవాళ్ళ చాటున పంపి నేను ఇంట్లో కూర్చోవడమేమిటి అనుకున్నాను. పిరికితనం మూఢనమ్మకం కన్నా నీచమని ఎన్నిసార్లు రాశానో. వద్దని చెప్పి బయలుదేరాను.

నాలుగో ఇల్లు నూనె గానుగ ఆడే గాండ్లవాళ్ళది. నువ్వుల లడ్డు ఇచ్చారు. ఇక మిగిలింది గాజులవ్వ ఇల్లు. అది చౌరస్తా దాటాక సాయిబుల గల్లీలో మొదటిది. చౌరస్తాలోనే గుడారం.

నన్ను ఆపారు. నేను అనుకున్నదే. సిపాయి హిందీలో ఎక్కడికని అడిగాడు. నేను ఉర్దూలో జవాబు చెప్పాను. మా కాలంలో బడిలో లెక్కలు కూడా ఉర్దూలోనే చెప్పేవారు. మర్యాదగా మాట్లాడాలనుకున్నప్పుడు నాకు వచ్చేది ఆ భాషే. అంత మంచి ఉర్దూ విని అతను నా టోపీ వైపు చూశాడు, తర్వాత పిల్ల వైపు చూశాడు. తువ్వాలు కింద నుంచి పచ్చ అంగీ అంచు కనబడుతోంది.

"పేరేమిటి?"

చెప్పాను.

"ఈ పేరుకు ఈ భాష ఎక్కడిది? ఈ భాషకు ఈ టోపీ ఎక్కడిది? ఈ టోపీవాడి వెంట ఈ బట్టల పిల్ల ఎక్కడిది?"

ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు ఉంది. మూడూ కలిపి అడిగితే లేదు. నేను తడబడ్డాను. అతను సంచి ఇమ్మన్నాడు. బట్టల కింద వ్యాసం దొరికింది. పదహారు పేజీలు, చేతిరాత, తెలుగు. అతనికి చదవరాదు. చదవరాని కాగితాలు ఆ రోజుల్లో మనిషిని జైలుకు పంపడానికి చాలు. గుడారం లోపల నుంచి ఒక గుమాస్తాను పిలిపించాడు. గుమాస్తా మావైపువాడే. నేల మీద కూర్చుని, కళ్ళద్దాలు సర్దుకుని, మొదటి పేజీ పైకి చదివాడు.

నా వాక్యాలు నాకే కొత్తగా వినిపించాయి. అరుగు మీద గర్జించినట్టుండేవి, గుడారం ముందు తగువులాడుతున్నట్టున్నాయి.

"ఏమంటున్నాడు?" అని సిపాయి.

"దేవుడు లేడంటున్నడు సార్."

"అయితే సంఘం మనిషే."

"ఆగండి సార్, ఇంకా ఉన్నది." గుమాస్తా మూడు పేజీలు మనసులో చదివాడు. ఆవలించాడు. నాలుగో పేజీ తిప్పి ఊరుకున్నాడు. "భూముల సంగతి లేదు, దొరల సంగతి లేదు. మొక్కులు మొక్కొద్దంటడు, గంతే. పదహారు పేజీలూ గదే."

నాకు బతికినందుకు ఆనందించాలని తోచలేదు. గంతే అన్నందుకు పౌరుషం వచ్చింది. సిపాయి మాత్రం నవ్వాడు. కాగితాలు పక్కన పెట్టి, "మొక్కు వద్దని రాసినవాడివి ఈ పిల్లను ఇలా తయారు చేసి ఎందుకు తిప్పుతున్నావు?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి పిల్లను చూపిద్దామని పక్కకు తిరిగాను. పిల్ల లేదు.

తువ్వాలు నేల మీద పడి ఉంది.

ఫకీరు ఆగడు, వెనక్కి తిరిగి చూడడు. నేను ఆగాను, అది ఆగలేదు. నేను పదహారు పేజీలు కాపాడుకుంటుంటే ఆరేళ్ళ పిల్ల పచ్చ అంగీ బయటపెట్టుకుని ఒంటరిగా ఆ గల్లీలోకి వెళ్ళింది. సిపాయి వెళ్ళమని చెప్పాడో లేదో గుర్తు లేదు. పరిగెత్తాను.

గాజులవ్వ ఇంటికి తాళం వేసి ఉంది. తలుపు మీద బొగ్గుతో ఎవరో ఏదో రాసి, మళ్ళీ ఎవరో చెరిపారు. తలుపు కొట్టాను. చప్పుడు లేదు. పక్క ఇళ్ళు కూడా మూసి ఉన్నాయి. పిల్లను పిలవాలని నోరు తెరిచాను. పేరు రాలేదు. అక్క చేతిలో చెయ్యి వేసింది గుర్తొచ్చింది. మొక్కు చెడుతుందని నేను నమ్మను. నమ్మనివాణ్ణి ఎందుకు పిలవలేకపోయాను? "ఫకీర్" అని పిలుద్దామా అంటే, ఆ గల్లీ మొదట్లో, మిలటరీ గుడారం వినేటంత దగ్గరలో ఆ మాట అరిచేది ఎలా? "ఓ పిల్లా" అని పిలిచాను. ఎవరి పిల్లయినా పిల్లే కదా, ఎవరూ పలకలేదు. చివరికి పేరు పెట్టి అరిచాను. ఒకసారి అరిచాక ఇక ఆపలేదు.

బావి దగ్గర నీళ్ళు చేదుతున్న ఆమెను అడిగాను. పచ్చ అంగీ తొడుక్కున్న పిల్లను చూశారా? ఆమె చేద వదిలేసి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గల్లీ చివర పేలాలు అమ్మే అతన్ని అడిగాను.

"పచ్చ అంగీదా? రాలే," అన్నాడు. "ఇందాక ఒక పోరి పోయింది. పువ్వుల గౌను. తలకు నూనె గిట్ల పెట్టుకుని, చేతుల ముంత పట్టుకుని పోయింది."

"నేనడిగింది పచ్చ అంగీ పిల్లని."

"నేను చూసింది పువ్వుల గౌను పిల్లనే అంటున్న."

అతన్ని కసురుకున్నాను. సమాధానం సరిగా చెప్పడం ఈ ఊళ్ళో ఎవరికీ రాదని కూడా అన్నట్టు జ్ఞాపకం. మళ్ళీ చౌరస్తాకు, మళ్ళీ గల్లీకి, గాండ్లవాళ్ళింటికి, పంతులమ్మ ఇంటికి. అందరినీ ఒకే మాట అడిగాను. పచ్చ అంగీ, పచ్చ అంగీ. ఆ రంగును దాచడానికి పొద్దున నేను పడిన పాట్లన్నీ పోయి, ఊరంతా దాన్ని చాటింది నేనే. పంతులమ్మ చెప్పులు వేసుకుని నా వెంట బయలుదేరింది. "ముందు ఇంటికి వెళ్ళి చూశావా?" అంది. చూడలేదు. పిల్ల తనంతట తాను ఇంటికి చేరగలదన్నది నాకు తట్టనే లేదు. చేరకపోయి ఉంటే అక్కకు ఏ ముఖంతో కనబడాలన్న భయం కూడా ఉంది. ఆ భయం వల్లే ఊరంతా తిరిగానేమో.

ఇంటికి వెళితే, పిల్ల గడప మీద కూర్చుని పుట్నాలు తింటోంది. పువ్వుల గౌను వేసుకుంది. జుట్టు దువ్వి నూనె రాసి ఉంది. నుదుట బూడిద లేదు.

"మామా, నువ్వు గెలిచినవా?" అంది. గుడారం దగ్గర మేము వాదులాడుకుంటున్నామనుకుంది.

జరిగింది అది చెప్పిన తీరులోనే రాస్తాను. గాజులవ్వ ఇంటి ముందు నిలబడి భిక్షం అడిగింది. తాళం చూడలేదు, దానికి తాళమంటే తెలియదు. పక్క సందులో నుంచి ఒక చెయ్యి వచ్చి లోపలికి లాగింది. గాజులవ్వ ముందు తలుపుకు తాళం వేసుకుని, వెనక తలుపు నుంచి వచ్చిపోతూ రెండు నెలలుగా లోపలే ఉంటోంది. పిల్లను చూసి ఏడ్చింది. కోపం కూడా చేసింది. "ఈ బట్టలతోని ఎవరు తోలిండ్రే నిన్ను?" అంది. అంగీ విప్పేసింది. ముఖం కడిగింది. తన మనవరాలి గౌను ఒకటి తొడిగింది. జోలెలో గింజలు ముంతలో పోసి, తన వంతుగా గుప్పెడు పుట్నాలు వేసింది. వెనక సందులో నుంచి, చెరువు కట్ట మీదుగా మా వాడ కనబడేదాకా దూరంగా నడిచి వచ్చి, అక్కడి నుంచి తిరిగిపోయింది.

అక్క ఇవన్నీ వింది. పిల్లను దగ్గరికి తీసుకుంది. తర్వాత నన్ను అడిగింది.

"అయితే తీరినట్టా తమ్మీ, తీరనట్టా?"

"ఏంది?"

"మొక్కు. ఐదిండ్లయినయ్. కాని అంగీ పీర్ల ముందర ఇప్పాలె గదా, ఆమె ఇప్పింది. అంగీ ఆడనే ఉన్నది. నువ్వు పేరు పిలిచినవా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. "పిలిచిన," అన్నాను.

"ఊ."

"తీరింది అక్కా. పూర్తిగా తీరింది."

ఆ మాట నా నోటి నుంచి వచ్చింది. ఎందుకో నాకు తెలుసు. మర్నాడు మళ్ళీ అంగీ కోసం ఆ గల్లీకి వెళతానంటుందని. కాని పిల్లను కాపాడడానికి మొక్కులు లేవని చెప్పాలా, మొక్కు తీరిందని చెప్పాలా? రెండూ ఒకేసారి నిజమయ్యే వీలు లేదు. నేను బతుకంతా ఒకదాన్ని పట్టుకుని, ఆ సాయంత్రం రెండోదాన్ని పట్టుకున్నాను.

అక్క నన్ను చూసి ఆ రోజు మొదటిసారి నవ్వింది. "నీకు నమ్మకమే లేకపాయె. నీ మాటేం చెల్లుతది?"

తెల్లవారింది. పదో రోజు. ఆ ఏడు మా వాడలో పీర్లను ఎత్తలేదు, చావిడికి తలుపులు వేసి ఉన్నాయి. ఎత్తేవాళ్ళు ఊరు విడిచి పోయారు. మూసిన ఆ తలుపుల ముందే అంగీ విప్పిద్దామని అక్క అనుకుంది. అక్క వాకిలి ఊడుస్తుంటే వీధి చివర నుంచి గాజుల కేక వినిపించింది. రెండు నెలలుగా ఆ వాడలో వినబడని కేక. గాజులవ్వ తల మీద గంప పెట్టుకుని తిన్నగా మా ఇంట్లోకి వచ్చింది, గంప దించింది, గాజుల కట్టల అడుగు నుంచి పచ్చ అంగీ తీసింది. ఉతికి, ఆరేసి, మడత పెట్టింది.

"తప్పయిందమ్మా," అంది అక్కతో. "ఫకీరు అంగీ నేను ఇప్పొద్దు. పిల్ల పానం జూసి పరేషానై ఇప్పిన. తెచ్చిన. మీరు చెయ్యవలసింది చెయ్యుండ్రి."

నాకు ఒళ్ళు మండింది. "ఈ గుడ్డ కోసం ఇంత దూరం వచ్చినవా అవ్వా? దారిల ఎవరన్న గంప దించమంటే?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వేనా టోపీ బేటావి? నిన్న నువ్వు మిలటరోళ్ళతోని ముచ్చట పెడుతుంటే సందులోంచి చూసిన. నా ఇల్లు చూపిస్తున్నవనుకుని మంచం కింద దూరిన. ఈ వయసుల. ఈ మోకాళ్ళతోని."

"నేను పిల్లను కాపాడనీకె వచ్చిన."

"నేను గూడ గందుకే వచ్చిన," అంది ఆమె. "నీకు నమ్మకం లేదంట, మీ అక్క చెప్పింది. మంచిది. రేపు పిల్లకు తలనొప్పొస్తే మీ అక్క నిన్ననదు. నన్నంటది. గాజులది అంగీ ఇప్పింది, పిల్లకు చెడింది అంటది. నోటితోని అనదు, మనసుల అంటది. అది నాకొద్దు."

అక్క అంగీ అందుకుంది. అందులో కాదనడానికి ఏముంది? గాజులవ్వ నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. పీర్ల మీద నమ్మకంతో వచ్చిందా, మనుషుల మీద నమ్మకం లేక వచ్చిందా, పిల్ల మీద ప్రేమతో వచ్చిందా అని తర్వాత ఎన్ని వ్యాసాలు రాస్తున్నప్పుడు ఆలోచించానో. ఏ వ్యాసంలోనూ ఆమెను పెట్టలేకపోయాను. ఏ పక్కన పెట్టినా రెండో పక్కకు జరిగేది.

ఇంట్లోనే చేద్దామని ఇద్దరు ఆడవాళ్ళూ నిర్ణయించుకున్నారు. చావిడి ఉన్న దిక్కుకు దీపం పెట్టి, ఊదు వేసి, అంగీ ఒకసారి తొడిగి విప్పితే చాలునట. ఎవరు చెప్పారని నేను అడగలేదు. ఊదు వాసన బయటికి వస్తుంది కాబట్టి తలుపు వేసి, ఎవరూ రాకుండా నన్ను వాకిట్లో నిలబడమన్నారు. నేను నిలబడ్డాను. టోపీ పెట్టుకోవాలా వద్దా అని కాసేపు తటపటాయించి చేతిలో పట్టుకున్నాను.

వీధి మలుపు నుంచి నిన్నటి సిపాయి వచ్చాడు. తుపాకీ భుజానికి తగిలించుకుని ఒక్కడే వస్తున్నాడు. తిన్నగా నా దగ్గరికి వచ్చి ఆగాడు.

"పాప దొరికిందా?"

"దొరికింది."

"నిన్న రాత్రంతా అదే ఆలోచన. నాకూ ఆ ఈడుది ఉంది." జేబులో నుంచి మడిచిన కాగితాలు తీశాడు. "మరిచిపోయావు. పోతే పోనీ అన్నాడు మా గుమాస్తా. రాసుకున్నవి కదా అని తెచ్చాను. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. పచ్చ అంగీ పిల్ల ఇల్లెక్కడంటే అందరూ చెప్పారు."

పదహారు పేజీలూ ఉన్నాయి. తీసుకున్నాను. అతను మంచివాడు. ఆ విషయంలో నాకు అప్పుడూ సందేహం లేదు. అయినా తలుపుకు అడ్డంగా నిలబడే ఉన్నాను. లోపల గాజులు గలగలమన్నాయి.

"లోపల ఏమవుతోంది?"

"పిల్లకు గాజులు తొడుగుతున్నారు," అన్నాను. నాకు వచ్చిన మంచి ఉర్దూలోనే అన్నాను.

అతను తల ఊపి నడిచాడు. నెమ్మదిగా, అటూ ఇటూ చూస్తూ నడుస్తున్నాడు. లోపల నుంచి అక్క తలుపు తట్టింది.

"అయిపోయింది తమ్మీ, ఇగ తీద్దునా?"

"జర ఆగు," అన్నాను. అతను ఇంకా మలుపు తిరగలేదు.